పదమూడో బెల్లం ముక్క

దొరతోట బంగళా కిటికీలు బాగుచెయ్యడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అంత కాలం ఏం చేసేవు ఆదం అని ఇప్పటికీ అడుగుతారు. చేసినవాడికి తెలుస్తుంది. అరవై రెండు కిటికీలు, ఒక్కటీ తిన్నగా లేదు. చెద తిన్నవి కొన్ని, వానకి కుళ్ళినవి కొన్ని, ఎవరో పొయ్యిలోకి పీక్కుపోయినవి కొన్ని. పాత కర్రకి పాత కర్రే అతకాలి, కొత్తది కనపడకూడదు అని తోట యజమాని సూర్యనారాయణ గారు పట్టు పట్టేరు. మెట్ల పక్క కటకటాలకి గుండ్రటి బుడిపెలు కావాలంటే ఏటికొప్పాక పోయి, లక్క బొమ్మలవాళ్ళ ఎదురుగా మూడు రోజులు కూర్చుని చేయించుకొచ్చేను. పని పూర్తయ్యేసరికి నా నడుం పడిపోయింది.

అనకాపల్లికి మూడు మైళ్ళు, శారదానది అవతల ఉంది ఆ తోట. వెనకటికి ఒక దొర అక్కడ నాలుగు వందల ఎకరాల్లో చెరకు వేసి, అక్కడే బెల్లం వండించేవాడట. ఆ దొర పోయేక సూర్యనారాయణ గారి తాతగారు కొన్నారు. కొన్నారే గాని ఎవరూ కాపురం ఉండలేదు. సూర్యనారాయణ గారు మద్రాసులో చదువుకొచ్చిన మనిషి. "ఈ బంగళా, ఈ గానుగ, ఈ కూలీల ఇళ్ళ లైను పోతే మళ్ళీ రావు ఆదం. ఉన్నది ఉన్నట్టు నిలబెట్టి జనానికి చూపించాలి" అనేవారు. మంచి మనిషే. ఆయన మీద చెప్పడానికి కాదు నేనిది చెబుతున్నది. తప్పు నాది.

గొడౌను ఊడుస్తున్నప్పుడు, కుళ్ళిన గోనెల అడుగున ఒక మూట దొరికింది. చుట్టూ తాడు. ముడి మీద ముడి, ముడి మీద ముడి. ఎవడ్రా ఇంత తీరికగా కట్టేడు అని విసుక్కుంటూ ఉలితో కోసేను. లోపల రెండు మూరల రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టే ఇనప గూటం. కూలీలని పనికి పిలవడానికి కొట్టే గంట అది. నూనె రాసి, తుప్పు గీకి, బెల్లం పాక ముందు దూలానికి వేలాడదీసేను. సూర్యనారాయణ గారు చూసి నా వీపు తట్టేరు. "ఇంతకంటే ఏం కావాలి ఆదం. చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు దీన్ని నువ్వే కొట్టాలి" అన్నారు. నాకూ గర్వంగానే అనిపించింది.

అది అరవై నాలుగో సంవత్సరం, మాఘమాసం. మా రంజాన్ నెల కూడా అప్పుడే మొదలయింది. తోట తెరిచేరు. విశాఖపట్నం నుంచి కార్లలో వచ్చేవారు, అనకాపల్లి మేష్టర్లు పిల్లల్ని వరస కట్టించి తీసుకొచ్చేవారు. బంగళా చూపించేక అందరినీ బెల్లం పాక దగ్గరికి తెచ్చేవాళ్ళం. నేను గంట కొట్టేవాణ్ణి. నూకరాజు ఎడ్లని గానుగ చుట్టూ తోలేవాడు. అప్పలనర్సమ్మ గానుగలో చెరకు గడలు పెట్టేది. వచ్చినవాళ్ళకి తలో గ్లాసు రసం ఇచ్చేవాళ్ళం. అరగంట, అంతే. పక్కన పెద్ద పెనం, దాని కింద పొయ్యి ఉండేవి గాని వెలిగించేవాళ్ళం కాదు. పైన తాటికమ్మలు కదా, నిప్పంటే సూర్యనారాయణ గారికి భయం.

అప్పలనర్సమ్మని ఆ పనికి తెచ్చింది నేనే. నా భార్య మదీనాబీ పురిట్లో పోయినప్పుడు మా సకీనా మూడు రోజుల పిల్ల. మా వీధికి పాలు పొయ్యడానికి వచ్చే అప్పలనర్సమ్మ, తన చంటివాణ్ణి ఒక పక్కా నా కూతుర్ని ఒక పక్కా వేసుకుని పదకొండు నెలలు పాలిచ్చింది. మాలో పాలిచ్చినావిడ తల్లితో సమానం. నేను అక్క వరసన అప్పా అనేవాణ్ణి, తను తమ్ముడా అనేది. యాభై అయిదేళ్ళొచ్చినా కత్తి పట్టుకుని చెరకు కొట్టడానికి పోతూంటే చూడలేకపోయేను. రోజుకి రెండు మూడు సార్లు అరగంట పని, నీడపట్టున ఉంటావు, రా అప్పా అని నేనే పిలుచుకొచ్చేను.

మొదటి రోజు నేను గంట కొట్టగానే ఆవిడ పాక బయటే ఆగిపోయింది.

"ఏటప్పా?"

"ఏం లేదు తమ్ముడా. ఈ సప్పుడు మాయమ్మకి పడేది కాదు. సెవులు మూసుకునేది."

నవ్వేసి లోపలికి వెళ్ళింది. అప్పుడే నేను గూటం పక్కన పడెయ్యాల్సింది.

నాలుగో రోజు పొద్దున్న నూకరాజు నన్ను పక్కకి పిలిచేడు. "బావా, రాత్రి నా ఎడ్లని ఎవురైనా తోలేరేటి?" చూస్తే ఎడ్లకి నోట నురగ, మెడల మీద కాడి ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. గానుగ పక్కన చెరకు పిప్పి కుప్ప. మేం ముందురోజు పిండింది పది గడలు. అక్కడున్న కుప్ప నా నడుమంత ఎత్తు. చెయ్యి పెట్టి చూసేను. తడిగా ఉంది. ఊళ్ళో కుర్రాళ్ళు రసం కోసం చేసి ఉంటారని ఇద్దరం అనుకున్నాం. అనుకున్నాం గాని ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అప్పలనర్సమ్మ ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి, పాక నిలబెట్టిన రాట్టకి చేరబడి కూర్చుంది.

"ఒంట్లో బాగాలేదా అప్పా?"

"అలుపు తమ్ముడా. ఒట్టి అలుపు."

"నిద్ర పట్టడం లేదా?"

"పడతంది. పడితే పనికెల్తన్నాను."

కల అనుకున్నాను. "పనిలో ఇంకెవరుంటారు?" అని నవ్వుతాలుకి అడిగేను. ఆవిడ నవ్వలేదు. "మొకాలు సూడం. సూత్తే సెయ్యాగిపోద్ది" అని రెండు అరచేతులూ నా ముందు చాపింది. బొబ్బలు. బెల్లం పాకం చిందితే ఏ బొబ్బలొస్తాయో అనకాపల్లివాడికి చెప్పక్కర్లేదు. కాని మేం ఆ పొయ్యి వెలిగించనే లేదు.

ఆ రోజే ఆవిణ్ణి ఇంటికి పంపించేసేను. ఇక రావద్దన్నాను. గూటం తీసుకెళ్ళి మా ఇంట్లో అటక మీద పెట్టేను. సూర్యనారాయణ గారు అడిగితే చేతిలోంచి జారి బావిలో పడిందని అబద్ధం చెప్పేను. ఆయన చిన్నబోయేరు. "జనానికి అన్నిటికంటే నచ్చింది అదే ఆదం" అన్నారు. గంట మోగడం ఆగింది. పిప్పి కుప్ప పెరగడం ఆగలేదు.

వారం తరవాత చూడ్డానికి వెళ్తే ఆవిణ్ణి గుర్తుపట్టలేకపోయేను. చాప మీద ఎముకల గూడు. కోడలు తలుపులమ్మ నన్ను వాకిట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. "పొద్దు ములిగితే సాలు మావా, అత్త కల్లు మూతలడిపోతాయి. సేతులు మాత్తరం ఆడతానే ఉంటాయి. ఇలగ... సెరకెట్టినట్టు. పట్టుకుంటే ఆగవు. మా ఆయన, నేను ఇద్దరం పట్టుకున్నా ఆగవు." కాంపౌండరు వచ్చి రక్తం తక్కువని టానిక్కు ఇచ్చేడట. ఇంకో రెండు రోజులు ఇలాగే అయితే మనిషి దక్కదని అన్నాడట.

నా కూతురికి పాలిచ్చిన మనిషి. నేను కొట్టిన గంట. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కూలీల లైను చివర ఇంట్లో సత్తియ్య తాత ఉండేవాడు. ఎనభై దాటేయి. కుర్రతనంలో ఆ పాకలోనే పొయ్యి ఎగదోసేవాడట. తిన్నగా అక్కడికి వెళ్ళేను. అంతా విని, "ఆ పట్టాముక్క మూట ఎవుడు ఇప్పేడు?" అన్నాడు.

"నేనే తాతా."

 ఆ తరవాత చెప్పేడు.

"మాఘమాసమే. పొద్దున్న మేస్త్రి గంట కొట్టేడు, పన్నెండుమంది పనెక్కేరు. నాకు జొరం, నానెల్లలేదు. మద్దేన్నం మేస్త్రిని పాము కరిసింది. మోసుకెల్లిపోయేరు, ఊల్లోనే పోయేడు. సాయంత్రం దిగండని సెప్పినోడు లేడు."

"వాళ్ళే దిగిపోవచ్చు కదా?"

"సెప్పకుండా దిగితే దొర ఏటి సేసేవోడో నీకు తెల్దు. ఆ రాత్రంతా వండేరు. మర్నాడూ వండేరు. రెండోనాటి రాత్రి పొయ్యికాడోడు కునుకు తీసేడు. పాకంటుకుంది."

"తలుపులు వేసున్నాయా తాతా?"

"తలుపేటి బాబూ. ఆ పాకకి ఏ పక్కా తలుపే లేదు. దిగమన్నోడు లేక పన్నెండుమందీ పెనం కాడే ఉండిపోయేరు."

 మేం ఆ కాలిన రాళ్ళ మీదే కొత్త రాట్టలు పాతేం. ఆ నలుపు పొయ్యి మసి అనుకున్నాం.

సత్తియ్య తాత నెమ్మదిగా చెప్పుకుపోయేడు. గంట ఎవరు కొట్టేరో వాళ్ళే దింపాలట. పొద్దు ములిగే వేళ పాక ఎదట నిలబడి దిగండి అనాలి. అంటే సరిపోదు. దిగిన ఒక్కొక్కరి చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టాలి. ఆ తోటలో పద్ధతి అది. మేస్త్రికి ఎవరి మీదైనా కోపమొస్తే ముక్క ఇచ్చేవాడు కాదు. ముక్క అందనివాళ్ళు మళ్ళీ పనెక్కాలి. నోరెత్తడానికి లేదు.

"పన్నెండు ముక్కలు కదా" అన్నాను.

"పదమూడు. మీ యప్ప ఎక్కింది కదా."

మర్నాడు పొద్దున్నే బజారులో మంచి దిమ్మ ఒకటి చూసి, కొట్టించి పదమూడు ముక్కలు తీసుకున్నాను. ఉసిరికాయంత ఒక్కొక్కటి. అడ్డాకులో కట్టుకున్నాను. ఆ రోజు రోజా, ఉపవాసం ఉన్నాను. తెల్లారకుండా తిన్న రెండు ముద్దలే కడుపులో ఉన్నాయి. పగలు బడిపిల్లలు తోట చూడ్డానికి వచ్చి, కిటికీ గాజు పలకలు రెండు పగలగొట్టేరు. అవి మార్చి, ఇంకో కిటికీ బందు బిగించి, అందరూ వెళ్ళేదాకా కాచుకుని ఉన్నాను. నాలుక పిడచ కట్టుకుపోయింది. రోజూ రుమాలు కొసన రెండు ఖర్జూరాలు ముడేసుకుని వెళ్ళేవాణ్ణి. ఆ రోజు ఈ బెల్లం హడావిడిలో మరిచిపోయేను.

నూకరాజు ఎడ్లని విప్పి కొట్టంలో కట్టేసేడు. "నువ్వు రావా బావా?" అన్నాడు. కొంచెం పనుందన్నాను. పాక దగ్గర నేనొక్కణ్ణే మిగిలేను.

పొద్దు చెరకు తోటల వెనక్కి దిగుతోంది. చలి మొదలయింది. ఏటి మీంచి గాలి వస్తే ఎండు చెరకు ఆకులు గరగరమన్నాయి. పాక ఎదట నేల మీద అడ్డాకు పరిచి పెట్టుకుని, దాని పక్కన గొంతుక్కూర్చున్నాను. లేచి నిలబడే ఓపిక లేదు. పాక లోపల గానుగ, పెనం, పొయ్యి, రాట్టలు. నేను బాగుచేసినవే అన్నీ. ఖురాన్‌లో నాకు తెలిసిన సూరాలు రెండు చదువుకున్నాను.

పొద్దు ములిగింది. లేచి నిలబడ్డాను.  

"దిగండి."

ఏమీ కాలేదు. గాలి ఆగిపోయింది, అంతే. కొంచెం సేపు నిలబడ్డాను. ఇదంతా ముసలాడి చాదస్తం, నేనొక పిచ్చివాణ్ణి అనుకున్నాను. మళ్ళీ కూర్చున్నాను. ఒళ్ళంతా నొప్పులు. ఏటి అవతలనుంచి, అనకాపల్లి వైపునుంచి, సన్నగా మసీదు అజా వినపడింది.

ముప్ఫై అయిదేళ్ళుగా ఆ పిలుపు వినగానే నా చెయ్యి చేసే పని ఒకటే. బిస్మిల్లా అన్నాను. ముక్క నోట్లో వేసుకున్నాను. రోజా విప్పేను. పొద్దుటినుంచీ ఎండిన నోట్లో బెల్లం కరుగుతూంటే కళ్ళు మూతలు పడ్డాయి. అంత తీపి నేను ఎప్పుడూ ఎరగను.

కళ్ళు తెరిచేసరికి వాసన వచ్చింది. పొగ. పాకం మరిగే వాసన. తడి గోనెల వాసన... పొయ్యిలో నిప్పు లేదు. వాసన మాత్రం ఉంది.

గానుగ కిర్రుమంది. ఒకసారి. ఆగింది.

తరవాత అడుగుల చప్పుడు. చెప్పుల్లేని కాళ్ళు, చాలా కాళ్ళు, ఈడ్చుకుంటూ... పరుగు లేదు, తొందర లేదు. అలిసిపోయినవాళ్ళు ఇంటికెళ్ళేటప్పుడు నడిచే నడక.

నేను తల ఎత్తలేదు. మొకాలు సూడం అన్న మాట గుర్తుంది. నేల వైపే చూస్తూ ముక్క తీసి చెయ్యి చాపేను. నా వేళ్ళ కొసలకి వేడి తగిలింది. పొయ్యి దగ్గరికి చెయ్యి పెడితే తగిలే వేడి. ముక్క పోయింది. అడుగులు నన్ను దాటి వెనక్కి వెళ్ళేయి. ఇంకో ముక్క. ఇంకో చెయ్యి. ఒక్కొక్కరూ ఆగుతున్నారు, తీసుకుంటున్నారు, వెళ్తున్నారు. ఒకరు తీసుకుని గట్టిగా ఊపిరి వదిలేరు. ఆ ఊపిరిలో ఎంత అలుపుందో... నాకు భయం పోయి జాలి వేసింది. వెళ్ళండయ్యా, వెళ్ళండమ్మా, పడుకోండి అని లోపల్లోపల అనుకుంటున్నాను.

అడ్డాకు మీదకి చెయ్యి వెళ్ళింది. ఆకు తగిలింది. ఒట్టి ఆకు.

తడిమేను. ఆకు కింద, మట్టిలో, లుంగీ మడతల్లో. లేదు.

ఎదురుగా ఇంకో చెయ్యి చాపి ఉంది. ఆ మణికట్టు మీద పచ్చబొట్టు నాకు తెలుసు. నా కూతురు పాలు తాగుతూ ఆ పచ్చబొట్టు మీద వేళ్ళు పెట్టి ఆడుకునేది.

"అప్పా..."

"ముక్కేదీ తమ్ముడా?"

గుసగుసే. కాని ఆవిడ గొంతే.

"ఉంది అప్పా. ఉంది. పదమూడు తెచ్చేను. ఇక్కడే..."

నా నాలుక మీద తీపి ఇంకా ఉంది.

అప్పుడు తెలిసింది నేను తిన్నదేమిటో. నోట్లో వేళ్ళు పెట్టుకుని కక్కబోయేను. ఏమీ రాలేదు. "ఇక్కడే నిలబడు అప్పా. ఒక్క అడుగు వెయ్యకు. ఊళ్ళోకి పరిగెత్తుకెళ్ళి తెస్తాను. నీకు దణ్ణం పెడతాను, నిలబడు."

"నిలబడకూడదు కదా" అంది. కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బాగుండేది. "పెనం మీద పాకముంది. మాడిపోద్ది. మిగతావోల్లు దిగిపోయేరు. నానొక్కదాన్నే సూసుకోవాల."

"అప్పా, వద్దు..."

"రోజంతా తిన్లేదు కదా నువ్వు. పోనీలే. నాది రేపిద్దువుగాని."

చెయ్యి వెనక్కి తీసుకుంది. అడుగులు పాకలోకి వెళ్ళేయి. నేను తల ఎత్తి లోపలికి పరిగెత్తేను. ఎవరూ లేరు. పెనం చల్లగా ఉంది. గానుగ కదలడం లేదు. అంత చీకట్లో అటూ ఇటూ పరిగెత్తి, రాట్టలు పట్టుకుని పిలిచేను. అప్పా, దిగు. నేను చెబుతున్నాను, దిగు. ముక్క లేకపోయినా దిగు.

ఆవిడ ఊరికి మైలున్నర. ఎలా వెళ్ళేనో తెలియదు. వాకిట్లో దీపం, పది మంది జనం. తలుపులమ్మ నన్ను చూసి బావురుమంది. "ఇప్పుడే మావా. సేతులాడించి ఆడించి... ఒక్కసారి ఆపీసింది. లెగిసి కూకుంది. ఎవుర్నో ముక్కేదని అడిగింది. మల్లీ తొంగుంది. ఇంక లెగలేదు."

తెల్లవారకుండానే నేను ఒక పూర్తి దిమ్మ నెత్తిన పెట్టుకుని పాక దగ్గరికి వెళ్ళేను. ముక్కలు కొట్టి ఆకు నిండా పెట్టేను. దిగు అప్పా అని నోరు ఎండేదాకా చెప్పేను. పొద్దెక్కేదాకా ఉన్నాను. ఎవరూ రాలేదు. చీమలు వచ్చేయి. పాడె లేచే వేళయిందని నూకరాజు వచ్చి నన్ను తీసుకెళ్ళేడు.

మాకవరపాలెంలో అత్తారింటి నుంచి సకీనా వచ్చి, ఆవిడ పాదాల మీద పడి ఏడ్చింది. ఆవిడ కొడుకు నిప్పు కుండ పట్టుకుని ముందు నడిచేడు. తోట దాటేక పాడె మోస్తున్నవాళ్ళలో ఒకడు పక్కకి తప్పుకుంటే, నేను వెళ్ళి భుజం పెట్టేను. వాళ్ళవాళ్ళు ఏమనుకుంటారో, మావాళ్ళు ఏమనుకుంటారో చూసుకోలేదు. ఎవరూ ఏమీ అనలేదు కూడా.

నా ముందున్నవాడు నూకరాజు. కొంత దూరం నడిచేక, తల తిప్పకుండా, నాకొక్కడికే వినపడేలా అడిగేడు.

"బావా. నీకు బరువు తెలుత్తందా?"

"తెలుస్తోంది. నడు" అన్నాను.

భుజం మీద వెదురు బరువు తప్ప ఏమీ లేదు.